చైకోవ్‌స్కీ నృత్యసంగీతము

రష్యా దేశీయుడగు చైకోవ్‌స్కీ పేరు సింఫనీల మూలమున మనలో ననేకులు వినియుందురు. నేనిప్పుడు వాని జోలికి పోను. బాలే నాటకములకై ఆయన కూర్చిన సంగీతమును గూర్చి మాత్రము నాలుగు మాటలు మనవి చేయుదును. మాటయు పాటయు లేక నృత్యాభినయములచేతనే కథ నడుచు నాటకమునకు బాలే యని పేరు.

ఆయన కాలమున బాలే సంగీతమనిన విద్వాంసులకు చులకన. రాజనాటకశాలలందు దానికై జీతగాండ్రగు రచయితలు వేరుగ నుండిరి. నృత్యాచార్యుడు ఇచట నిన్ని ఆవర్తములు, ఇంత వేగము అని కొలత చెప్పును. రచయిత ఆ కొలతకు కుట్టి యిచ్చును. నట్టువాంగము నెఱిగిన మనవారికిది వింత గాదు. అయినను, ఒకరి కొలతకు లోబడిన సంగీతము గొప్ప సంగీతము కాగలదా యను సందేహము ఆనాడు బలముగా నుండెను.

"హంసల సరస్సు" 1877 మార్చిలో మాస్కో బల్షోయ్ నాటకశాలయందు మొదట ప్రదర్శింపబడెను. 800 రూబుళ్ల ప్రతిఫలముకొరకు కొంతయు, ఇట్టిది వ్రాయవలెనను చిరకాలపు కోరికచే కొంతయు దీనిని చేపట్టితినని ఆయనయే యొక మిత్రునకు వ్రాసెను. ప్రదర్శనము రక్తి కట్టలేదు. అందు నాయిక పాత్రను ధరించిన సొబెష్చాన్‌స్కయా యను నర్తకి, తనకొక ప్రత్యేకనృత్యము కావలెనని పీటర్స్‌బర్గునకు పోయి, పెతిపా యను ఆచార్యునిచే నృత్యమును, మింకుస్ అను రచయితచే సంగీతమును చేయించుకొని వచ్చెను. తన నాటకమున నితరుని సంగీతము చొరుటకు చైకోవ్‌స్కీ సమ్మతింపలేదు. ఆమెయు నేర్చిన అడుగులను మార్చననెను. అప్పుడాయన మింకుస్ కూర్పును ముందుంచుకొని, ఆవర్తమునకు ఆవర్తము సరిపోవునట్లు తన సొంత సంగీతమును వ్రాసి యిచ్చెను. ఆమెకు మరల సాధన చేయవలసిన పనియే లేకపోయెనట! ఇందు నాకు దాస్యము కానరాదు, పౌరుషమే కానవచ్చుచున్నది.

1878లో ఆయన నాలుగవ సింఫనీని గూర్చి, అందు బాలే వాసన కొట్టుచున్నదని శిష్యుడగు తనేయెవ్ ఆక్షేపించెను. బాలే సంగీతమను మాట నిందావాచకమెట్లయినది, అందు మంచిది యుండరాదా, అని గురువు తిరిగి యడిగెను.

1890లో పీటర్స్‌బర్గు మారీన్‌స్కీ నాటకశాలయందు "నిద్రించు సుందరి" వెలసినది. దానికి పెతిపాయే ఘట్టఘట్టమునకు కొలతలు వ్రాసి యిచ్చెను. పూర్వప్రదర్శనమును చూచి జారు చక్రవర్తి బాగున్నదని ముక్తసరిగ నని యూరకుండెనని రచయిత తన దినచర్యలో నొచ్చుకొనెను. చక్రవర్తుల రసికత యట్లుండనిండు.

1892 నాటి "నట్‌క్రాకర్" సంగతి చూడుడు. క్రిస్మసు చెట్టు చూచుచుండగనే బ్రహ్మాండముగ పెరుగును, దీనికి అద్భుతసంగీతము 48 ఆవర్తములు, నాదము క్రమముగ హెచ్చవలెను: ఇది పెతిపా ఇచ్చిన ఉత్తరువు. రచయిత ఒక చిన్న పలుకును దీసికొని మెట్టుమెట్టుగ పైకెక్కించెను. ఎక్కినకొలది వాద్యములు తోడగును. రంగస్థలమున చెట్టు లేకున్నను, వినువాని కన్నులయెదుట అది పెరుగును. ఇందే చెలెస్టా యను క్రొత్త వాద్యము కలదు, చిరుగంటలవంటి నాదము. 1891లో దానిని పారిస్‌లో చూచి, తనకంటె ముందు తోడిరచయితలెవరైన వాడుదురేమో యని, రహస్యముగ తెప్పింపుమని తన ప్రచురణకర్తకు వ్రాసెను. ఎంతవాడైనను ఈ పాటి యసూయ తప్పదు కాబోలు.

ఇక మిఠాయి దేశపు దేవకన్య తన జతగానితో నాడు విలంబనృత్యము. ఈ ప్రసంగము ముగియగనే దాని రికార్డును వినిపింతురు. మొదట సెల్లో వాద్యములందు వచ్చు పలుకును గమనింపుడు. పై షడ్జమునుండి క్రింది షడ్జమువరకు వరుసగ దిగు ఎనిమిది స్వరములే. మన శంకరాభరణపు అవరోహణమే. పిల్లలకు జెప్పు పాఠమువంటిది. కాని దానిని విన్నప్పుడెల్ల నాకు మిఠాయియు పండుగయు తలపునకు రావు, తీరని యెడబాటు వినవచ్చును. ఆ నాటకమునకు పని మొదలుపెట్టిన 1891లోనే ఆయనకు మిక్కిలి ప్రియమైన చెల్లెలు అలెగ్జాండ్రా మరణించినది.