పెళ్ళిపందిట్లో డోలు, మైకు



మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలు, మా అత్తిబెలెలో హోసూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కల్యాణ మంటపాలన్నిటికీ ఒక్కసారిగా సీరియల్ లైట్లు వేలాడతాయి. అత్తిబెలె కర్ణాటకకు చివరి ఊరు, ఆనేకల్లు తాలూకా. ఇక్కడ టీ తాగి కాస్త దూరం నడిస్తే జూజువాడి, అంటే తమిళనాడు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో కన్నడం చదివి, సంతలో తమిళంలో బేరమాడే జనం మేము. పిల్లవాడిది హోసూరైతే పిల్లది మాలూరు. పెళ్ళిపత్రిక ఒక పక్క కన్నడం, ఇంకో పక్క తెలుగు. ఇన్ని భాషల మధ్య మా పెళ్ళిళ్ళలో ఏ భాషవాడికీ అర్థం చెప్పనక్కరలేని మాట ఒకటుంది. గట్టిమేళం. కన్నడంలో గట్టిమేళ, తమిళంలో కెట్టిమేళం. పురోహితుడు చెయ్యెత్తి ఆ మాట అన్నాడంటే, మూడు భాషల వాళ్ళూ అక్షింతలు పిడికిట్లో పట్టుకుని లేచి నిలబడతారు.

ఆ గట్టిమేళం వాయించే ఒక తండ్రి గురించీ, అదే పెళ్ళిలో మైకు పట్టుకునే ఆయన కొడుకు గురించీ ఈ రోజు మీకు చెబుతాను. నేను బడిపంతుల్ని. కన్నడం, తెలుగు రెండూ చెబుతాను. సంగీతం నేర్చినవాణ్ణి కాను. ఆ కుర్రవాడు నా దగ్గర చదివాడు, అంతే నాకున్న అధికారం.

తండ్రి డోలు విద్వాంసుడు. తమిళులు దాన్నే తవిల్ అంటారు. పనసకర్రతో చేసిన పీపా, రెండు పక్కలా తోలు. ఎడమ పక్క పుల్లతో కొడతారు. కుడి పక్క వేళ్ళతో. ఆ వేళ్ళకు గుడ్డ చుట్టి, పిండి జిగురుతో గట్టిపరచిన తొడుగులుంటాయి. నేను చిన్నప్పుడు అవి ఆయన వేలిముళ్ళే అనుకుని భయపడేవాణ్ణి. పెళ్ళికి నాలుగింటికే లేచి, మంటపం వెనకాల కూర్చుని, ఒక్కో తొడుగూ తడిమి చూసుకుని పెట్టుకునేవాడు. పక్కన నాదస్వరం ఆయన పీకను నోట్లో నానబెట్టుకుంటూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పీక నానకపోతే స్వరం పలకదు. ఆ వాద్యానికి మంచి కర్ర పాత ఇళ్ళ దూలాల్లోని ఆచా అట. తంజావూరు వైపు నరసింగంపేటలో చేసే నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ రోజుల్లో మేళం వింటే పెళ్ళి ఎక్కడిదాకా వచ్చిందో వంటశాలలో ఉన్నవాళ్ళకు కూడా తెలిసేది. నాట రాగంతో మొదలు. నీలాంబరి వినిపిస్తే ఊయల, మధ్యమావతి వచ్చిందంటే ఇక మంగళం. మా మేనత్త పెళ్ళిలో మా తాత గాడిపొయ్యి దగ్గర నిలబడి, రాగం మారగానే, "అయిపొచ్చింది, పప్పు దించండి" అన్నాడు. ఆయనకు రాగాల పేర్లు తెలియవు. ఎప్పుడు పప్పు దించాలో తెలుసు.

ఇంకొక సంగతి. ఈ వాద్యానికి సరిహద్దుల పట్టింపు ఎప్పుడూ లేదు. నాదస్వరానికి తమిళదేశంలో అంత పేరు తెచ్చిన షేక్ చిన్నమౌలానాగారు తెలుగువారు, ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టినవారు. శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో వాయించి, శిష్యుల్ని తయారుచేశారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి సంవత్సరమే కాలం చేశారు. ఆ బాటలోనే నడిచిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన వైపు చూడండి. 1977లో కన్నడంలో రాజ్‌కుమార్‌గారు సనాది అప్పణ్ణగా నటిస్తే తెర వెనుక షెహనాయి వాయించింది ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. మూడేళ్ళకు అదే కథ శోభన్‌బాబుగారితో తెలుగులో సన్నాయి అప్పన్న అయింది. మా ఇంట్లో రెండూ చూశారు, రెండింటికీ ఏడ్చారు.

ఇక కొడుకు సంగతి. వాడికి డోలు వచ్చు, కాని మనసంతా కీబోర్డు మీద, పాట మీద. గణేశోత్సవానికీ, నవంబరులో రాజ్యోత్సవానికీ మా ఊరి ఆర్కెస్ట్రాలో పాడేవాడు. 2020 వచ్చింది. పెళ్ళికి యాభైమందికి మించకూడదన్నారు. యాభైలో దగ్గర చుట్టాలకే చోటు లేదు, మేళానికి ఎక్కడ? తండ్రి డోలు అటక ఎక్కింది. మేళంలో తాళం వేసే ఆయన బొమ్మసంద్ర వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు చేరాడు. మళ్ళీ పెళ్ళిళ్ళు తెరుచుకునేసరికి, ఇల్లు నడపవలసింది కొడుకే. మైకు పట్టుకున్నాడు. యాంకర్ అంటున్నారు ఇప్పుడు. సంగీత్, హల్దీ, రిసెప్షను, అన్నిటికీ వీడే. మూడు భాషల్లో నవ్వించగలడు గనక బెంగళూరు దాకా పిలుస్తారు.

వాడి కార్డులు మీరు చూడాలి. కన్నడ మాధ్యమంలో చదివాడు, తెలుగు రాయడం అంతంత మాత్రం. తెలుగు మాటలన్నీ కన్నడ లిపిలో రాసుకుంటాడు. తప్పొప్పులు చూడమని నా దగ్గరికి తెస్తాడు. తలకట్టు ఎలా ఉంటేనేం, మాట తప్పకూడదు. ఒకసారి తప్పింది. పిల్లది హుబ్బళ్ళి, పిల్లవాడిది చిత్తూరు. ఫొటోకు పెళ్ళికూతురి తల్లి రావాలి. ఆ అమ్మాయి తల్లిని "అవ్వ" అని పిలవడం విని, వీడు మైకులో, "అవ్వగారు వేదిక మీదికి రావాలి" అన్నాడు. హుబ్బళ్ళి వైపు అవ్వ అంటే తల్లి. చిత్తూరు వైపు అవ్వ అంటే నాయనమ్మ. ముందు వరసలో ఉన్న పెళ్ళికొడుకు నాయనమ్మ కర్ర పట్టుకుని లేచి, ఒక్కో మెట్టూ ఎక్కి, మధ్యలో కూర్చుంది. దిగమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ ఫొటోలన్నిటిలో ఆమే ఉంది. పెళ్ళిలో అన్నిటికంటే మంచి ఫొటో అదేనట.

టిక్కెట్టు పెట్టిన కచేరీలకు కూడా వెళతాడు, వెనక పాడేవాళ్ళలో ఒకడిగా. తేడా ఏమిట్రా అని అడిగాను. "సార్, అక్కడ డబ్బులిచ్చి వింటారు, కాబట్టి వింటారు. పెళ్ళిలో బంతి ఎప్పుడు వేస్తారా అని చూస్తుంటారు. పాయసం వడ్డించేటప్పుడు ఎంత గొప్ప పాటైనా ఓడిపోతుంది" అన్నాడు. చట్టం కూడా ఈ తేడా చూసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికి సంబంధించిన వేడుకల్లో పాట పాడినా వేసినా హక్కుల ఉల్లంఘన కాదు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఈ సంగతినే మళ్ళీ స్పష్టం చేసింది. కాబట్టి ఎవరైనా మంటపానికి వచ్చి పెళ్ళిపాటకు రుసుము కట్టమంటే కంగారుపడకండి. టిక్కెట్టు కచేరీకి మాత్రం లైసెన్సు కావాలి. ఇంకొకటి, రాత్రి పది దాటితే ఆరుబయట లౌడుస్పీకరు కూడదు. ఇది 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో ఉంది. మైకు దగ్గర ఎవరూ పెద్దా చిన్నా కాదు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఎడ్ షీరన్ అనే ప్రపంచప్రసిద్ధ గాయకుడు రోడ్డు పక్కన నిలబడి పాడుతుంటే, పోలీసు వచ్చి వైరు పీకేశాడు. అనుమతి ఉందని ఆయన, లేదని వాళ్ళు. అది విని మావాడు, "నాకు వారానికొకసారి పీకుతారు సార్" అని నవ్వాడు.

ఇప్పుడు థీమ్ పెళ్ళిళ్ళని వచ్చాయి. బెంగళూరుకు ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. 2016 నవంబరు 16న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో గాలి జనార్దన రెడ్డిగారి కూతురి పెళ్ళికి హంపీ విఠలాలయాన్ని తలపించే సెట్లు వేశారు. పెద్దనోట్లు రద్దయి అప్పటికి ఎనిమిది రోజులు. మేమంతా బ్యాంకుల ముందు వరసలో నిలబడి ఆ పెళ్ళి కబుర్లు చెప్పుకున్నాం. పిలుపు పెట్టె తెరిస్తే చిన్న తెర వెలిగి పాట వచ్చేదట. అంత కాకపోయినా, అందులో నూరోవంతు చేద్దామని మామూలు ఉద్యోగస్థులు కూడా అప్పు చేస్తున్నారు. ఒక వారం రాజస్థాన్ కోట, మావాడికి తలపాగా, షేర్వాణీ. మరుసటి వారం పల్లెటూరు. ఆ పల్లెటూరికి ఎద్దులబండి, గడ్డివాము, మట్టికుండలు, వాకిట్లో ఒక నిజం గంగిరెద్దు. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా నిలబెట్టారు. నిప్పురవ్వలు చిమ్మే యంత్రం వెలిగినప్పుడల్లా అది బెదిరి గుంజుకునేదట. మామూలు రోజుల్లో ఆ గంగిరెద్దు అపార్టుమెంటు గేటు దగ్గరికి వస్తే వాచ్‌మన్ లోపలికి రానిస్తాడా?

నిప్పంటే మా ఊరికి వేరే గుర్తు ఉంది లెండి. 2023 అక్టోబరు 7న ఇక్కడి టపాకాయల గోదాము అంటుకుని పధ్నాలుగు మందికి పైగా పోయారు. ఎక్కువమంది తమిళనాడు నుంచి దీపావళి పనికి వచ్చిన కుర్రవాళ్ళు. ఆ తరువాతే కర్ణాటక ప్రభుత్వం పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో టపాకాయలు వద్దంది. ఆ యేడు మా వీధిలో జరిగిన పెళ్ళికి ఎవరూ టపాకాయ మాటే ఎత్తలేదు.

ఇక అసలు సంగతి. ఒక పెద్ద థీమ్ పెళ్ళికి తండ్రి మేళాన్నీ, కొడుకు మైకునూ ఇద్దరినీ మాట్లాడారు. ఎవరిదో, ఎక్కడో చెప్పను. మంటపం అంతా తెల్లపూల గోడ. అలంకరణ చూసే అమ్మాయి వచ్చి, మేళం వాళ్ళ పంచెలు రంగు కలవడం లేదు, కెమెరాలో పడతారు, గోడ వెనక కూర్చోమంది. కూర్చున్నారు. ముహూర్తానికి రికార్డు చేసిన మేళం సిద్ధంగా ఉంది. దానికి పూలు చల్లే యంత్రం, పొగ యంత్రం అన్నీ సెకన్లతో సహా కలిపి పెట్టారు. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. పెట్టెల్లోంచి రికార్డు మోగింది. గోడ వెనక వీళ్ళు కూడా వాయించారు. ఎవరికీ వినపడలేదు. పదడుగుల దూరంలో మైకు పట్టుకుని ఉన్న కొడుక్కి కూడా వినపడలేదు.

రికార్డు ఆగిపోయిందనో, కరెంటు పోయి డోలు మోగిందనో చెబుతానని మీరు అనుకుంటారేమో. అదేం లేదు. అన్నీ సవ్యంగా జరిగాయి. పూలు సరిగ్గా పడ్డాయి. మేళానికి మాట్లాడిన డబ్బు అణా పైసలతో ఇచ్చారు, బట్టలు కూడా పెట్టారు. ఇంటికి వస్తూ దారిలో కొడుకు, "ఏం నాయనా, వినపడకపోయినా ఎందుకు వాయించావు?" అని అడిగితే, తండ్రి, "గట్టిమేళం అన్నాడు కదరా" అన్నాడట. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ మాట నాకు చెప్పినప్పుడు వాడి మొహం నేను చూడలేదు, కార్డులు దిద్దుతున్నాను. కాని ఆ తరువాత వాడు ఒక పని చేశాడు. బుకింగు కాగితంలో కింద ఒక వాక్యం చేర్చాడు. ముహూర్తం వేళ ఐదు నిమిషాలు స్పీకర్లన్నీ ఆపాలి, మేళం కనపడేచోట కూర్చోవాలి. మూడు భాషల్లో నేనే రాసి ఇచ్చాను. ఆ వాక్యం వల్ల రెండు పెళ్ళిళ్ళు పోయాయి. మూడోవాళ్ళు బేరమాడి రెండు నిమిషాలకు దించారు. తప్పు చేయించానా అని నాకు దిగులు. వాడికి ఇంటి బాడుగ ఉంది, చెల్లెలి చదువు ఉంది. తీసేయరా అన్నాను. వినలేదు.

మొన్న మాఘమాసంలో మాలూరు వాళ్ళ పెళ్ళి ఒకటి కుదిరింది, ఐదు నిమిషాలూ ఒప్పుకున్నారు. నన్నూ రమ్మన్నాడు. ముహూర్తానికి వాడే వెళ్ళి పెట్టెలు ఆపించాడు. ముందు వంటశాలలో పళ్ళేల చప్పుడు వినపడింది. ఎక్కడో పిల్ల ఏడుపు. సగంమంది కరెంటు పోయిందని పైకి ఫ్యాన్ల వైపు చూశారు. సౌండు కుర్రవాడు తన తప్పేమోనని వైర్ల దగ్గరికి పరుగెత్తాడు. గట్టిమేళం అన్నారు. డోలు అందుకుంది, దాని వెంట నాదస్వరం. అక్షింతలు వేయడం మరిచిపోయి నా పక్కన ఒకాయన అటే చూస్తూ నిలబడ్డాడు. నేనూ ఆలస్యంగానే వేశాను.

భోజనాల దగ్గర పెద్దాయన పక్కన కూర్చున్నాను. తొడుగులు తీసి వేళ్ళు నలుపుకుంటున్నాడు. ఎలా ఉందన్నా అని అడిగాను. "ఇంతకాలం పెట్టెల చాటున చెయ్యి కాస్త బద్ధకించింది మేష్టరూ. ఐదు నిమిషాలు ఎక్కువే. మూడు చాలని మావాడికి మీరైనా చెప్పండి" అన్నాడు.

ఇంకా చెప్పలేదు.