సగటు లెక్కల్లో కనపడని తండా

(ఎల్లారెడ్డి డివిజన్ గిరిజన యువకుల కోసం రాసిన ప్రసంగ పాఠం)



అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా,

ఈ రోజు లెక్కల గురించి మాట్లాడుకుందాం. లెక్కలంటే నిద్రొస్తదని నాకు తెలుసు. కానీ మన తండాకు రోడ్డు రావాలన్నా, హాస్టల్‌లో సీట్లు పెరగాలన్నా, ఎక్కడో ఒక ఆఫీసులో ఎవరో ఒక అంకె చూసి సంతకం పెట్టాలె. ఆ అంకెలో మనం ఉన్నమా లేమా అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

ముందు ఉన్న అంకెలు చూద్దాం. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న పుట్టింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి మూడు రెవెన్యూ డివిజన్లు. జిల్లా జనాభా సుమారు 9.72 లక్షలు అంటరు. అందులో ఎస్టీలు 8.4 శాతం. అక్షరాస్యత 56.5 శాతం. రాష్ట్ర సగటు 66.5. అంటే మన జిల్లా రాష్ట్రం కంటే పది మెట్లు కింద ఉన్నది. ఈ అంకెలన్నీ 2011 జనగణనవి. జిల్లా పుట్టక ముందు లెక్కపెట్టిన మనుషులను కొత్త గీతల ప్రకారం పంచి చెప్పిన లెక్క ఇది. 2011లో ఒకటో తరగతిల చేరిన పిల్ల ఇప్పుడు పెళ్ళయి తల్లి అయి ఉంటది. ప్రభుత్వం దగ్గర మాత్రం ఆమె ఇంకా పలక పట్టుకొనే ఉన్నది.

పాత లెక్క అన్నది ఒక సమస్య. అంతకంటే పెద్ద సమస్య, ఆ లెక్క తీసే పద్ధతిలోనే మనం మాయమైపోవుడు. ఎట్లనో ఒక్కొక్కటి చెప్త.

మొదటిది సగటు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ మన పక్కనే ఉన్నది. కాల్వ మాత్రం బాన్సువాడ, బోధన్ దిక్కు పారింది. గాంధారి, లింగంపేట గుట్టల మీది తండాలకు వాన, బోరు, అంతే. కాల్వ కింది వరి, గుట్ట మీది మక్కజొన్న ఒకే జిల్లా లెక్కలో కలిస్తే వచ్చే సగటు ఎవరి బతుకునూ చెప్పది. నీతి ఆయోగ్ 2023లో ఇచ్చిన బహుముఖ పేదరికం నివేదిక కూడా అంతే. పోషకాహారం, చదువు, వంట గ్యాసు, మరుగుదొడ్డి, తాగునీరు ఇట్ల 12 అంశాలు చూసి, తెలంగాణలో పేదలు 13.18 శాతం నుంచి 5.88 శాతానికి తగ్గిండ్రు అని చెప్పింది. తగ్గితే మంచిదే. కానీ ఆ మిగిలిన 5.88 శాతం ఏ ఊర్లో, ఏ తండాలో ఉన్నదో ఆ అంకె చెప్పది. వెతకాల్సింది మనం.

రెండోది ఊరు పేరు. జనగణనకు రెవెన్యూ గ్రామమే లెక్క. తండా ఆ గ్రామానికి శివారు. ఊర్లో చదువుకున్నోళ్ళు ఎక్కువుంటే తండా చదువు కూడా పెరిగినట్టు కనపడతది. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలైనయి. మన తండాకు మన సర్పంచ్ వచ్చిండు, మంచిదే. కానీ పంచాయతీ వేరైనంత మాత్రాన రెవెన్యూ గ్రామం వేరు కాలే. అందుకే తండా సర్పంచ్‌ను మీ తండాలో అక్షరాస్యత ఎంత అని అడిగితే చూపెట్టడానికి జనగణన అంకె లేదు.

మూడోది వలస. మన దగ్గర మంది చెరకు కోతకు పోతరు, హైదరాబాద్ పోతరు, గల్ఫ్ పోతరు. జనాభా లెక్క పట్టేది ఫిబ్రవరిలో. చెరకు నరికేది కూడా అప్పుడే. లెక్క రోజులన్నీ ఇంట్లో లేనోడిని ఇంటి దగ్గర రాయరు, దొరికిన కాడ రాస్తరు. గుడిసె కాడికి ఎవరూ రాకపోతే ఎక్కడా రాయరు. దుబాయ్‌లో ఉన్నోడైతే అసలే లెక్కల లేడు. మన జిల్లాలో వెయ్యి మంది మగోళ్ళకు 1033 మంది ఆడోళ్ళు ఉన్నరని గొప్పగ చెప్తరు. రాష్ట్రంలో 988 మందే. ఆడపిల్లలను బాగ చూసుకుంటున్నమని సంతోషపడే ముందు, మగోళ్ళు ఎంతమంది ఊరు విడిచిపోయిండ్రో కూడా అడగాలె.

నాలుగోది భాష. 2011లో దేశంలో 32 లక్షలకు పైగా జనం తమ మాతృభాష లంబాడీ అని రాయించుకున్నరు. ప్రభుత్వం వాళ్ళందరినీ తీసుకపోయి హిందీ కింద కలిపింది. ఇంట్లో గోర్ బోలీ మాట్లాడే పిల్ల బడికి పోయి తెలుగు అర్థం కాక వెనకబడితే, ఆ పిల్లకు భాష సమస్య ఉందని లెక్కలో కనపడదు.

ఐదోది కొంచెం నాజూకు ముచ్చట. అయినా మాట్లాడాలె. ఎస్టీ అనే ఒక్క గడిలో లంబాడీ, గోండు, కోయ, నాయకపోడు, ఎరుకల, చెంచు అందరూ కలిసిపోతరు. తెలంగాణ ఎస్టీలల్ల మూడింట రెండొంతుల దాకా లంబాడీలే. ఎల్లారెడ్డి దిక్కు ఇంకా ఎక్కువ. మరి ఇక్కడి నాయకపోడు ఇండ్లు, ఎరుకల ఇండ్లు ఎవరి కంటికి కనపడతయి? తెగల వారీగా చదువు, భూమి, కొలువు లెక్కలు బయటపెట్టమని అందరం కలిసి అడుగుదాం. ఎవరు ఎవరి వాటా తింటున్నరని తిట్టుకునే బదులు కాగితం ముందు పెట్టుకొని మాట్లాడుకోవచ్చు. ఉన్న ముద్దలో కొట్లాట పెట్టి చూసేటోళ్ళకు లెక్క లేకపోవడమే లాభం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ అంకెలు మనకెందుకు ప్రాణం?

ఎల్లారెడ్డి ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. ఇక్కడ పెసా లేదు, 1/70 లేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం లెక్క ఐటీడీఏ లేదు. అడవి మాత్రం ఉన్నది, పోడు ఉన్నది, ఫారెస్టోళ్ళ కేసులు ఉన్నయి. మనకు చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, జనాభా నిష్పత్తిలో నిధులు పెట్టాలని చెప్పే 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. మనల్ని తక్కువ లెక్కపెడితే ఆ వాటా తగ్గుతది. రెండు, అటవీ హక్కుల చట్టం 2006. అది షెడ్యూల్ ప్రాంతం కానిచోట కూడా చెల్లుతది.

2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు అన్నరు. రానోళ్ళ సంగతేంది? 2025 ఆగస్టు చివర్ల కామారెడ్డి జిల్లా మునిగింది గుర్తున్నదా? రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజుల 40 సెంటీమీటర్లకు పైగా వాన. పోచారం కట్ట నిలుస్తదా అని కింది ఊర్లు భయపడ్డయి. చేన్లల్ల ఇసుక మేటలు పడ్డయి. అట్లాంటప్పుడు నష్టం రాసేటోడు మొదలు అడిగేది పాసుబుక్కే. పట్టా లేని పోడు రైతు పంట పోతే, అది పోయినట్టే రాయరు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి. ప్రతి తండాకు ఒక రిజిస్టర్ పెట్టండి. రెండు వందల పేజీల నోట్‌బుక్ చాలు. ఎన్ని ఇండ్లు, ఎవరు ఏ తెగ, ఎంత భూమి, పట్టా ఉన్నదా, బడి మానేసిన పిల్లలు ఏ తరగతిల మానిండ్రు, ఎండకాలం నీళ్ళు ఎక్కడి నుంచి, కాన్పుకు ఏ దవాఖానకు, ఎవరు ఏ నెలల వలస పోయిండ్రు. ఫోన్‌లో ఫోటో తీసి దాచండి. ఇంటోళ్ళను అడగకుండ పేర్లు బయట పెట్టకండి.

రెండు. జనగణనలో ఇండ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. తండాలో ఒక్క గుడిసె కూడా మిగలకుండా చూడండి. కోతకు పోయినోళ్ళకు ఫోన్ చేసి, ఉన్నకాడ రాయించుకోమని చెప్పండి. మాతృభాష అడిగితే ఇంట్లో మాట్లాడే భాష పేరే చెప్పండి. తెగ పేరు స్పష్టంగ చెప్పండి.

మూడు. పోడు దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగ ఇవ్వాలె. నోటి మాట చెల్లదు. శాటిలైట్ బొమ్మ ఒక్కటే చూపెట్టి మిగతా సాక్ష్యం వద్దనడానికి నిబంధనల్లో వీల్లేదు. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లోపల డివిజన్ కమిటీకి పోవచ్చు. దానికి అధ్యక్షుడు ఆర్డీఓ, ఆ ఆఫీసు ఎల్లారెడ్డిలోనే ఉన్నది.

నాలుగు. మండలం వారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చినయి, ఎన్ని తిరస్కరించిండ్రు, ఎందుకు అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల కాగితం. జవాబొస్తే మీ రిజిస్టర్ పక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉన్నకాడ గ్రామసభలో లేచి నిలబడండి.

మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశమంత తిరిగిండ్రు. ఎన్ని ఎడ్లు, ఎన్ని బస్తాలు, ఎవరికి బాకీ అన్నది బడికి పోకుండనే నోటికి చెప్పిండ్రు. మీరు డిగ్రీలు చదివిండ్రు. వచ్చే ఆదివారం మీ తండాలో మొదటి పది ఇండ్లు రాసి తీసుకురండి. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

జోహార్!