వీధి కుక్కను చేరదీస్తే...

బీదర్ జిల్లా చింతకి లాంటి సరిహద్దు ఊళ్ళలో వీధి కుక్కపిల్లను చేరదీసే మంచి మనసులకు కొదవ లేదు. అయితే అన్నం పెట్టినంత మాత్రాన సరిపోదు.

ముందుగా పశువుల డాక్టరుకు చూపించండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ వేయించాలి. నట్టల మందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అవసరమే.

కొత్త ఇంట్లో కుక్క కొన్నాళ్ళు బెదురుతుంది. ఓ మూల పాత గోనెపట్టా పరిచి దాన్ని అక్కడ వదిలేయండి. అది తినేటప్పుడు పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. బెదిరి పారిపోకుండా బయటికి తాడుతోనే తీసుకెళ్ళండి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన ఎముకలు పెట్టకూడదు. మనుషుల జ్వరం మాత్రలు అసలే వద్దు. వేసవిలో నీడ, నీళ్ళు ఉండాలి. ఒంటిమీద పిడుదులు పట్టాయేమో చూస్తుండాలి.

కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే కుక్కను ఇంటికి తెచ్చిన వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.