మేం లేత్ మిషను ఎంచుకున్న తీరు



గేదెల గురించి, కుట్టుమిషన్ల గురించి, పచ్చళ్ల గురించి ఇప్పటిదాకా చాలామంది చెప్పారు. మేం లేత్ మిషను గురించి చెబుతాం. పదిమంది ఆడవాళ్లం లోను తీసుకుని ఇనుము కోసే మిషను కొన్నామంటే ఊళ్లో నవ్వినవాళ్లే ఎక్కువ.

మా సంఘంలో ఒక అక్క కూతురు ఐటీఐలో టర్నర్ ట్రేడు రెండేళ్లు చదివింది. ఆ తర్వాత టౌనులో ఒక లేత్ షాపులో పని చేసింది. ఇంకో ఇద్దరు సభ్యులకు కారం మరలున్నాయి. ఆవకాయ రోజుల్లో మర షాఫ్టు అరిగిపోతే ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ షాపుల్లో వరస, గుంటూరు ఆటోనగర్ పోతే అక్కడా వరస. ఈలోపు జనం మిరపకాయల సంచి వేరే మరకి పట్టుకెళ్తారు. ఆ అమ్మాయి ఇంట్లోనే ముందు గది ఖాళీగా ఉంది, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. అక్కడ ఒక మిషను పెడదామని బ్యాంకు లింకేజీ లోనులో 1,80,000 రూపాయలు దీనికి పక్కన పెట్టుకున్నాం. 36 నెలల్లో కట్టాలి. అంటే అసలే నెలకి 5,000, వడ్డీ పైన.

అందరం ఒప్పుకున్నామనుకోవద్దు. ఒక పెద్దమ్మ లేచి, "పిల్లకి రేపు పెళ్లయిపోద్ది. అత్తగారింటికి పోతే ఆ ఇనుప ముద్దని ఎవరు తిప్పుతారే? వాయిదా నేను కట్టాలా?" అనడిగింది. ఇంకో చెల్లి, "యార్డులో మిర్చి రేటు పడితే మరలవాళ్లే అప్పు పెడతారు, నీకు మజూరీ ఎవరిస్తారక్కా?" అంది. రెండూ న్యాయమైన మాటలే. అందుకని మేం రాసుకున్నాం: అప్పు తీరేదాకా మిషను సంఘం పేరు మీదే ఉండాలి. ఆ అమ్మాయితో పాటు వాళ్లమ్మ, ఇంకో సభ్యురాలు కూడా పని నేర్చుకోవాలి.

అప్పుడు ఏ మిషను కొనాలన్న గొడవ మొదలైంది.

ఒక అమ్మకందారు దగ్గర మేం మూడు పనుల మిషను చూశాం. కాంబినేషన్ మిషను అంటారు. కింద లేత్, దాని మీదే స్తంభానికి మిల్లింగ్ హెడ్డు. తిప్పొచ్చు, గాడి కోయొచ్చు, బెజ్జం వేయొచ్చు. కొత్త రంగు, ఇంటి కరెంటుతోనే తిరుగుద్ది, గదిలో ఒక మూల పడుద్ది. అందరికీ మనసు దాని మీదే పోయింది. మేమూ దానికే ఓటేశాం, దాచుకోవడం ఎందుకు.

ఆ అమ్మాయి మాత్రం, "అత్తా, ముందు మన దగ్గరికి ఏ పనులొస్తాయో రాద్దాం" అంది. షాపులో పనిచేసినప్పుడు ఒక నెల వచ్చిన పనులు నోటుబుక్కులో రాసిపెట్టుకుందంట. తీసి చదివింది. మొత్తం 41 పనులు. 32 పనులు లేత్ మీద అయ్యేవే: షాఫ్టు తిప్పడం, ట్రాక్టరు పిన్నులు, బుష్‌లు, మర కొయ్యడం. మిగిలిన 9 కీ గాడి పనులు. షాఫ్టు మీద ఒక గాడి, పుల్లీ లోపల ఎదురుగా ఒక గాడి పెట్టి, మధ్యలో ఇనుప ముక్క బిగిస్తారు చూడండి, అదే కీ. 25 ఎం.ఎం. షాఫ్టుకి 8 ఎం.ఎం. వెడల్పు కీ పడుద్ది. కీ జారితే మోటారు తిరుగుద్ది, మర తిరగదు.

"తొమ్మిదికీ మిల్లింగ్ కావాలిగా మరి!" అన్నాం. ఆ అమ్మాయి నవ్వింది. ఆ తొమ్మిదిలో అయిదు పుల్లీ లోపలి గాడులంట. పైనుంచి గుండ్రంగా తిరిగే కట్టరు, పుల్లీ బెజ్జం లోపల పొడవునా గాడి కొయ్యలేదు. దానికి స్లాటింగ్ మిషనో, బ్రోచో కావాలి. లేదా లేత్‌లోనే పుల్లీని చక్కుకి బిగించి, తిరగకుండా ఆపి, టూలుని చేత్తో ముందుకీ వెనక్కీ తోస్తూ కొంచెం కొంచెం చెక్కాలి. ఇది అమ్మకందారు చెప్పలేదు. మేం అడగనూ లేదు. అంటే నెలకి నాలుగు పనుల కోసం మేం మిల్లింగ్ హెడ్డుకి డబ్బు కట్టబోయాం.

ఇంకా కొన్ని సంగతులు దాన్ని మళ్లీ చూడబోయినప్పుడు తెలిశాయి. మిల్లింగ్ చెయ్యాలంటే లేత్ టూల్ పోస్టు తీసెయ్యాలి. షాఫ్టు సగం తిప్పి ఉండగా అర్జంటు గాడి పని వస్తే, బిగించింది విప్పి మళ్లీ కొలత కుదుర్చుకోవాలి. ఇద్దరు ఒకేసారి పని చెయ్యలేరు. మేం చూసిన దాంట్లో స్తంభం గుండ్రంది. హెడ్డు పైకీ కిందకీ జరిపితే పక్కకి తిరిగి, బెజ్జం నడిమి గుర్తు తప్పుద్ది. పైగా మిషను తేలిక. బరువు తక్కువైతే గట్టి ఇనుము కోసేటప్పుడు వణికి షాఫ్టు మీద అలల్లాగా గీతలు పడతాయి.

అట్టాగని అది పనికిరాని మిషను అనం. దాంట్లో పెద్ద పుల్లీలు పడతాయి, అది మంచి గుణమే. కుట్టుమిషను ముక్కల్లాంటి చిన్న పనులు చేసేవాళ్లకి, ఇరుకు గదిలో ఒక్కరే పనిచేసేవాళ్లకి అది చాలు. మన మరల షాఫ్టులకి మాత్రం చాలదు.

చివరికి పాత లేత్, నాలుగున్నర అడుగులది చూద్దామనుకున్నాం. ఆ కొలత బెడ్డుది అక్కా, మోసపోవద్దు. హెడ్డు, టెయిల్ స్టాకు పోగా మధ్యలో పట్టేది రెండడుగుల పై చిల్లరే. మా మర షాఫ్టులు అందులో పట్టాయి కాబట్టి సరిపోయింది. మీ షాఫ్టు కొలుచుకుని పోండి.

మొదట చూసిన పాత లేత్‌కి కొత్త రంగు వేసి ఉంది. ఆ అమ్మాయి క్యారేజీని చక్కు దగ్గర వదులు లేకుండా బిగించి, తోక వైపు జరిపింది. సగం దూరం పోయేసరికి పట్టేసింది. పనంతా చక్కు దగ్గరే జరుగుద్ది కాబట్టి బెడ్డు అక్కడే అరుగుద్ది. అరిగిన చోట బిగించింది, అరగని చోట ఇరుక్కుద్ది. ఆ రంగు మిషను వదిలేశాం. రెండోది చూడ్డానికి నల్లగా, జిడ్డుగా ఉంది. ఒక కమ్మీ బిగించి తిప్పి రెండు చివర్లూ మైక్రోమీటరుతో కొలిస్తే తేడా దాదాపు లేదు. దాన్నే కొన్నాం. షాఫ్టు మీద గాడులకి దానికే బిగించే వర్టికల్ స్లైడు ఒకటి తీసుకున్నాం. కట్టరు లేత్‌లో తిరుగుద్ది, షాఫ్టు స్లైడు మీద కదులుద్ది. నిదానంగా అవుద్ది, కానీ అవుద్ది.

మా తప్పు కూడా చెప్పాలి. మిషను ధర ఒక్కటే రాసుకున్నాం. నాలుగు దవడల చక్కు, డ్రిల్ చక్కు, టూల్ బిట్లు, గ్రైండరు, మైక్రోమీటరు, వేరే కరెంటు కనెక్షను, ఇవేవీ రాయలేదు. టైల్స్ మీద పెడితే కదులుద్దని టైల్స్ పగలగొట్టి కాంక్రీటు పోయించాం. ఆ ఖర్చుకి పొదుపులోంచి అంతర్గత అప్పు తీసుకోవాల్సొచ్చింది. ఆ పెద్దమ్మ నెలరోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు మా షెడ్డులో ఒక కట్టుబాటుంది. లేత్ దగ్గరికి పోయేవాళ్లు చీర కొంగు, చున్నీ, గాజులు, విడిచిన జడతో పోకూడదు. గ్లవుజులు కూడా వేసుకోకూడదు, తిరిగే షాఫ్టు గ్లవుజుని చెయ్యితో సహా లాక్కుంటుంది. చక్కు తాళం బిగించాక వెంటనే తీసెయ్యాలి. మిషను ఆగితేనే ఇనుప పొట్టు ఊడవాలి, అదీ బ్రష్‌తోనే. వాళ్లమ్మ ఇప్పుడు ఫేసింగు, బెజ్జాలు తనే వేస్తుంది. మర కొయ్యడం ఇంకా చేతికి రాలేదు. ఆ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "సత్తెనపల్లి చుట్టుపక్కలే చూడండి" అని అందరికంటే ఎక్కువ పట్టుబడుతోంది ఆ పెద్దమ్మే.

మరలున్న అక్కలకి ఒక్క మనవి. పనికి వచ్చేటప్పుడు షాఫ్టు ఒక్కటే తేవద్దు. దాని పుల్లీ, బేరింగు కూడా సంచిలో వేసుకుని రండి. అరిగిపోయిన షాఫ్టుని కొలిస్తే అరిగిన కొలతే వస్తది.