ఇల్లు కదలలేని తల్లిదండ్రులు – ఇంట్లో వ్యాయామం



"రోజూ వ్యాయామం చేయాలి" అని డాక్టరుగారు చెప్పగానే మీలో చాలామంది మా దగ్గరకు వచ్చి అడిగే మాట ఒకటే. "సిస్టర్, ఇంట్లో చంటిపిల్లలు, మంచంలో మామగారు. గడప దాటే తీరిక నాకెక్కడిది?" ఇది సాకు అని నేను అనను. సరిగ్గా ఇదే ఇబ్బందిలో నుండి అమెరికాలో ఒక పెద్ద కంపెనీయే పుట్టింది.

న్యూయార్క్ నగరంలో జాన్ ఫోలీ అనే ఆయన బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల సంస్థలో ఆన్‌లైన్ అమ్మకాలు చూసే పెద్ద ఉద్యోగి. ఆయనకూ భార్యకూ పదిమందితో కలిసి, శిక్షకుల ఎదుట, ఉన్నచోటే కదలకుండా ఉండే సైకిలు తొక్కడం చాలా ఇష్టం. ఇద్దరు పిల్లలు పుట్టాక అది కుదరలేదు. ఉద్యోగం ఒకవైపు, పిల్లలు మరొకవైపు. పైగా మంచి శిక్షకుల క్లాసుల్లో చోటు ముందే నిండిపోయేది. మనం క్లాసుకు వెళ్లలేకపోతే క్లాసే ఇంటికి రాకూడదా అనుకొని, 2012లో మరికొందరితో కలిసి పెలోటన్ అనే కంపెనీని స్థాపించారు. సైకిలుకు తెర బిగించి, స్టూడియోలో జరిగే క్లాసును ఇంట్లో చూపించారు. ఎవరు ఎంత తొక్కారో పేర్లతో సహా తెరమీద కనబడుతుంది. పిల్లలు పడుకున్నాక కూడా తల్లి తన క్లాసు చేసుకోవచ్చు.

అయితే అప్పట్లో సైకిలు ధర సుమారు 2,000 డాలర్లు ఉండేది, నెలనెలా రుసుము వేరే. 2020లో కోవిడ్ వలన అందరూ ఇళ్లలో ఉండిపోయినప్పుడు అమ్మకాలు విపరీతంగా పెరిగాయి, తరువాత పడిపోయాయి. 2022 ఫిబ్రవరిలో సుమారు 2,800 మంది ఉద్యోగాలు తీసివేసి, ఫోలీగారు ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి నుండి తప్పుకొన్నారు. వ్యాపారం సంగతి అలా ఉంచండి. తండ్రిగా ఆయనకు తట్టిన ఆలోచన మాత్రం సరైనదే అని నా అభిప్రాయం. మనిషి ఒంటరిగా ఎక్కువ రోజులు వ్యాయామం చేయలేడు, తోడు కావాలి. ఆ తోడు దూరంగా ఉన్నా ఫరవాలేదు.

దీనికి మీరు సైకిలు కొననక్కరలేదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కూతురు ఫోనులో వీడియో కాల్ చేసినప్పుడు "కూర తిన్నావా" అని అడుగుతూ కూర్చోకుండా, ఇద్దరూ నిలబడి నడుస్తూ మాట్లాడండి. వరండా చాలు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత ఆయాసం రావాలి, అదే మితమైన వేగానికి గుర్తు. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఇలాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేయాలన్న పాత నియమాన్ని 2020లో తీసివేసింది. కాబట్టి పాలు కాగేలోపు చేసిన 5 నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. పసిబిడ్డ తల్లులకు ఇది పెద్ద ఊరట.

నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలు కాని ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి రండి. ఇన్సులిన్ తీసుకునేవారు కొంచెం చక్కెర దగ్గర పెట్టుకోండి.

ఇక ట్రెడ్‌మిల్ గురించి తప్పక చెప్పాలి. మన పట్టణాల్లో కూడా చాలా ఇళ్లకు వచ్చేసింది. (సగం ఇళ్లలో దానిమీద తువ్వాళ్లు ఆరవేస్తారు, అది వేరే విషయం.) పెలోటన్ కంపెనీ తరువాత ట్రెడ్‌మిల్ కూడా అమ్మింది. 2021లో ఆ ట్రెడ్ ప్లస్ యంత్రం వెనుక భాగంలోకి లాగబడి ఒక 6 ఏళ్ల బిడ్డ చనిపోయింది. పిల్లలకు గాయాలైనట్లు మరో 29 ఫిర్యాదులు వచ్చాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థ హెచ్చరించినప్పుడు కంపెనీ ఒప్పుకోలేదు. మే 5న సుమారు 1,25,000 యంత్రాలను వెనక్కి పిలిచింది, ముందే ఆ పని చేయవలసింది అని ఫోలీగారే అన్నారు. పిల్లలను విడిచి వెళ్లలేకనే కదా యంత్రాన్ని ఇంటికి తెచ్చుకునేది! ఆ పిల్లలు ఆడుకునే గదిలోనే అది తిరుగుతుంది.

మీ ఇంట్లో ఉంటే దాని వెనుక రెండు మీటర్ల ఖాళీ వదలండి. గోడకు ఆనించవద్దు. అది తిరుగుతున్నంతసేపు పిల్లలను ఆ గదిలోకి రానివ్వవద్దు. దిగగానే సేఫ్టీ కీ తీసి ఎత్తులో పెట్టి, ప్లగ్గు ఊడదీయండి. బెల్టుకు చెయ్యి రాసుకుంటే పైకి చిన్నగా కనబడినా గాయం లోతుగా ఉండవచ్చు. కుళాయి నీటి కింద 20 నిమిషాలు ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే తీసుకురండి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు, ఐసు పెట్టవద్దు.

మీలో ఈ మధ్య బీపీ, షుగర్ చూపించుకోనివారు రోగి దగ్గర మరొకరిని కూర్చోబెట్టి నర్సుల గదికి రండి, చూస్తాము.