సున్నా గీత ఎక్కడ?

ఎవరి పేరున ఇక్కడ కూడామో ఆ మాస్టారు జీవితమంతా లెక్కలు చెప్పారు. అందుకే ఈ సాయంత్రం ఒక లెక్క మొదలయ్యే చోటు గురించి మాట్లాడతాను.

అక్షాంశానికి మొదలు వెతకనక్కర్లేదు. భూమి తిరుగుతుంది గనుక ధ్రువాలూ, వాటి నడుమ భూమధ్యరేఖా వాటంతటవే ఏర్పడ్డాయి. రేఖాంశానికి అలాంటి ఆధారం లేదు. ఏదో ఒక ఊరిని మనుషులే సున్నా అనుకోవాలి. మన సిద్ధాంతులు ఉజ్జయినిని ఎంచుకున్నారు. భూమధ్యరేఖ మీది లంక నుంచి ఉత్తరధ్రువపు మేరువు దాకా ఆ ఊరి మీదుగా గీత ఊహించి, తక్కిన ఊళ్లకు దేశాంతర సంస్కారం, అంటే రేఖాంశపు తేడాకు దిద్దుబాటు, చేశారు. మన సూళ్లూరుపేట ఉజ్జయినికి నాలుగు డిగ్రీల పైచిలుకు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే నడినెత్తి సూర్యుడు మనకు 17 నిమిషాలు ముందే వస్తాడు. ఈ తేడా పట్టుకోవడానికి సూర్యసిద్ధాంతం చంద్రగ్రహణాన్ని చూడమంది. గ్రహణం పట్టే క్షణం అందరికీ ఒకటే, ఊరి గడియ మాత్రం వేరు.

మద్రాసు నుంగంబాకంలో 1792లో కుంపిణీ వేధశాల కట్టింది. అక్కడ ఖగోళజ్ఞుడు గోల్డింగ్‌హామ్ రేఖాంశం కట్టిన పద్ధతిలో మూలసూత్రం అదే. చంద్రుడికి బదులు గురుగ్రహపు ఉపగ్రహాలు, వాటికి గ్రహణాలు తరచుగా పడతాయి. అక్కడి రాతిస్తంభం మీది శాసనం తెలుగులోనూ ఉంది. గణితశాస్త్రాలను ఆసియాలో తొలిసారి నాటింది బ్రిటిష్ ఔదార్యమేనని వెయ్యేళ్ల తర్వాతివారికి తెలియాలట! దేశాంతరం లెక్కగట్టిన పంచాంగకర్తలు ఆ ఊళ్లోనే ఉండగా ఈ మాట చెక్కించడానికి ధైర్యం కావాలి.

దేశపు పటం కోసం లాంబ్టన్ 1802లో మొదలుపెట్టిన సర్వే ఆ వేధశాల రేఖాంశాన్నే ఆధారం చేసుకుంది. తర్వాత చూస్తే ఆ విలువలోనే కొన్ని కిలోమీటర్ల తేడా తేలింది. కానీ పటంలో ఏ ఊరూ పక్క ఊరికి దూరం కాలేదు. దేశం మొత్తం ఒక్కసారిగా జరిగింది, అంతే. నా ఉద్దేశంలో సున్నా గీత స్వభావం ఇక్కడే బయటపడుతుంది: అది ఎక్కడున్నా ఫరవాలేదు, అందరికీ ఒకటే కావాలి.

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాలు కూర్చుని తేల్చింది ఆ సంగతే. గ్రీనిచ్‌కు 22 ఓట్లు పడ్డాయి. ఒక దేశం కాదంది, ఫ్రాన్స్, బ్రెజిల్ తటస్థంగా ఉన్నాయి. గ్రీనిచ్ నేలలో మహిమ ఏమీ లేదు. అప్పటికే ప్రపంచపు ఓడల్లో అత్యధికం దాని పటాలతో నడుస్తున్నాయి.

మన రైళ్లు మాత్రం చాలాకాలం మద్రాసు టైముతోనే నడిచాయి. అది గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుంచి, కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖ దేశానికి ప్రామాణిక గడియారమైంది. అందుకే సూళ్లూరుపేట స్టేషన్‌లో పన్నెండు కొట్టాక మరో పది నిమిషాలకు గానీ, సగటున, మన మధ్యాహ్నం కాదు.

మద్రాసు వేధశాల మీది రేఖ తూర్పు రేఖాంశం 80 డిగ్రీల 15 నిమిషాలకు కాస్త ఇవతల. దాన్ని ఉత్తరానికి 70 కిలోమీటర్లు సాగదీస్తే శ్రీహరికోట ప్రయోగ వేదికలకు ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో పోతుంది. 2013 జులై 1న మన దేశపు దిక్సూచి ఉపగ్రహాల వరసలో మొదటిది అక్కడి నుంచే ఎగిరింది. ఇప్పుడు స్థానం చెప్పేది అలాంటి ఉపగ్రహాలే. జీపీఎస్ ఫోనుతో గ్రీనిచ్ వెళ్లి అక్కడ సున్నా రేఖాంశాన్ని చూపే గీత మీద నిలబడితే సున్నా కనిపించదు. ఉపగ్రహాల లెక్క భూకేంద్రం నుంచి మొదలవుతుంది గనుక, దాని సున్నా సుమారు 102 మీటర్లు తూర్పున, పార్కులో పడుతుంది.