సింహళపు కొండనేలలో
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సమక్షమున చేసిన ప్రసంగము)



2022 సెప్టెంబరు సెలవులలో మేము, అనగా మన ఉపాధ్యాయులలో నలుగురము, సింహళమునకు పోయివచ్చితిమి. "దివాలా తీసిన దేశమునకు విహారయాత్ర యేల?" అని మీలో కొందరు అప్పుడే యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ యేటి ఏప్రిల్ 12వ తేదీన ఆ ప్రభుత్వము విదేశీ ఋణముల చెల్లింపు నాపివేసెను. పెట్రోలు కొనుటకు డాలర్లు లేవు. జూలైలో దేశాధ్యక్షుడే దేశము విడిచి పోయెను.

కొలంబోలో బదుల్లా రైలెక్కి పట్టిపొలలో దిగితిమి. 1,891 మీటర్ల యెత్తున నున్న ఆ స్టేషను ఆ దేశమున కెల్ల నున్నతమైనది. దారి పొడవునను తేయాకు తోటలు, క్యారెట్టు, ఉర్లగడ్డ మళ్లు. 2021లో రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్కమారుగా నిషేధించి, నవంబరులో మరల విడిచిరి. ఆ నడిమి కాలమున రైతు పడిన పాట్లు ఆ మళ్లనే యడుగవలెను.

స్టేషను వెలుపల దొరికిన ఆటోవాడు తోటకూలీల యింటి తమిళుడు. కావున మాకు మాట తడబడలేదు. వారమునకు అప్పుడతనికి దొరకుచుండిన పెట్రోలు అయిదు లీటర్లే. అదియు ఫోనులోని క్యూఆర్ ముద్ర చూపిననే పోయుచుండిరి. అందువలన దిగుడున ఇంజను నాపుచు, నిటారు మెరకలలో "అయ్యా, కొంచెము నడువుడు" అనుచు మమ్ము కొనిపోయెను.

హార్టన్ మైదానములు 2,100 మీటర్ల యెత్తున నున్నవి. ద్వారముకడ మా సంచులు విప్పించి ప్లాస్టికు కాగితములన్నియు తీసివేసిరి. ఎంత దారిద్ర్యమున నున్నను ఈ నియమమును వారు విడువలేదు! లోపల గాలికి వంగు పచ్చికబయళ్లు, పాచిపట్టిన పొట్టి చెట్లు, జంకులేక మేయు కణుజులు. మహావేలి, కెలని, వలవే నదులకు నీరిచ్చు నేల యిది. "లోకపు టంచు" అను చోట కాలిముందరి నేల సుమారు 870 మీటర్లు ఒక్కపెట్టున తెగిపడును. ఉదయము తొమ్మిది దాటినంతనే మంచు క్రమ్మి లోయను మూసివేసెను. మా డ్రాయింగు మాస్టరు గారు సగము గీసిన చిత్రము సగముననే నిలిచిపోయినది.

మరలివచ్చునపుడు బడిమాట వచ్చినది. ఆ యేటి మార్చిలో కాగితము లేక పశ్చిమ రాష్ట్రమున పరీక్షలు వాయిదా పడినవి. జూన్, జూలైలలో పెట్రోలు లేక బడులే మూతపడినవి. ఆటోవాని కూతురు పాత పుస్తకముల వెనుకపుటలపై లెక్కలు చేయుచున్నదట. కాగితము లేక బడి యాగుట మేమెన్నడును వినియుండలేదు.

ఇక మీ ప్రశ్నకు మా సమాధానము. మేము పోకుండినచో ఆ అయిదు లీటర్లు అతనికి మిగిలియుండును, కాని ఆనాటి కూలి యుండదు. ఆ కూలియే తనకు ముఖ్యమని అతడే చెప్పెను. బేరమాడక యిచ్చితిమి. అంతకుమించి అతడడిగినది, మాయొద్ద వ్రాయని నోటుపుస్తకము లేమైన నున్నవా యని. నాలుగింటిలో మూడు ఇచ్చితిమి. నాలుగవది, ఆ సగము చిత్రముతో, మన గ్రంథాలయపు బల్లమీద నున్నది.